ప్రవహించు అని రాసి కొట్టివేశాను

లాటిన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజున కొన్న ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ఎడమవైపు లాటిన్ మాట, కుడివైపు దానికి తెలుగు అర్థం రాసుకుంటూ వస్తున్నాను. ఒక మాటకు ఒకే అర్థం రాయాలని నాకు నేనే పెట్టుకున్న నియమం మొదటి ఏడాదంతా బాగానే నిలిచింది. ‘ఫ్లువో’ అనే క్రియకు ఎదురుగా మొదటి నెలలోనే, ఏమాత్రం తడుముకోకుండా, ‘ప్రవహించు’ అని రాశాను. ఫ్లువో, ఫ్లువెరె, ఫ్లూక్సీ, ఫ్లూక్సుమ్ అని నాలుగు రూపాలూ వల్లె వేశాను. నది అనే అర్థమున్న ‘ఫ్లూమెన్’ దాని నుంచే వచ్చిందని పక్కన రాసుకుని పేజీ తిప్పేశాను. మూడో ఏట, మొన్నటి వేసవిలో, ఆ ‘ప్రవహించు’ను ఎర్ర సిరాతో కొట్టివేశాను. ఎందుకు కొట్టివేశానో, ఆ పని సరిగ్గానే చేశానో లేదో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

కారణం మా నాన్న. ఆయనకు లాటిన్ రాదు. గోదావరి డెల్టాలో ముప్ఫై ఏళ్ళకు పైగా పంటకాలవ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. తూము తలుపులు ఎప్పుడు ఎత్తాలో, శివారు పొలాలకు నీళ్ళు ఎక్కాలంటే ఎవరి వంతు ఎన్ని గంటలు ఆపాలో అన్నదే ఆయన చదివిన చదువంతా. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, నేను చేస్తున్న అనువాదాలు ఆయనకు చదివి వినిపించడం నాకు అలవాటు. తెలుగులా లేని వాక్యం దగ్గర ఆయన ముఖం చిట్లిస్తారు. ఆ చిట్లింపు నాకు ఏ నిఘంటువు కన్నా ఎక్కువ పనికొచ్చింది.

ఆ రోజు చదివింది సీజర్ గాల్ యుద్ధాల మీద రాసిన వ్యాఖ్యల్లోని మొదటి పుస్తకం, పన్నెండో అధ్యాయం. క్రీ.పూ. 58లో హెల్వెటీ అనే తెగ జనం తెప్పలూ పడవలూ కట్టుకుని ఆరార్ అనే నదిని దాటుతున్నారు. ఇవాళ ఫ్రాన్సులో సోన్ అని పిలిచే నది అదే. లియోన్ నగరం దగ్గర రోన్‌లో కలుస్తుంది. హెల్వెటీలు ఇరవై రోజులు అష్టకష్టాలు పడి దాటిన ఆ నదిని సీజర్ వంతెన కట్టించి ఒక్క రోజులో దాటాడు. దాటడం గురించి చెప్పే ముందు, సాధారణంగా ఒక్క మాట కూడా వృథా చేయని ఆ సేనాపతి, నది గురించి ఆగి ఒక వాక్యం రాశాడు. నమ్మలేనంత నెమ్మది ఆ నదిది, ‘ఇన్ ఉత్రమ్ పార్తెమ్ ఫ్లువత్’ కళ్ళతో చూసి తేల్చలేము అని. నేను దాన్ని ఇలా తెనిగించాను: “ఆ నది ఎంత మందగతితో ప్రవహిస్తుందంటే, అది ఏ దిశగా ప్రవహిస్తున్నదో నేత్రాలతో నిర్ణయించడం అసాధ్యం.”

నాన్న ముఖం చిట్లించారు. “ప్రవహించడం ఏంటమ్మా, రేడియోలో వరద వార్తల్లాగ? ఎటు పారుతోందో తెలీడం లేదు, అంతే కదా? ఓ గడ్డిపరక వేస్తే తెలిసిపోద్ది,” అన్నారు.

సీజర్ గడ్డిపరక వేయలేదు. ఆయనకు వంతెన కట్టే తొందర ఉంది. కానీ నాన్నకు ఆ సందేహం కొత్తది కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న మురుగు కాలవల్లో పోటు సమయానికి నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి, ఆటుకు మళ్ళీ దిగుతాయి. మధ్యలో కాసేపు నీళ్ళు ఎటూ కదలనట్టే ఉంటాయి. అప్పుడు ఎవరైనా చేసేది అదే, ఒక గడ్డిపరకో ఎండుటాకో వేసి చూడటం. రెండు వేల ఏళ్ళ కిందటి వాక్యాన్ని నేను సాహిత్యంగా చదువుతుంటే, ఆయన దాన్ని పనిలో వచ్చే చిక్కుగా విన్నారు. సీజర్ కూడా బహుశా పనిలో వచ్చిన చిక్కుగానే రాసి ఉంటాడు.

ఆ వాక్యంలో వ్యాకరణానికి సంబంధించిన తమాషా ఒకటి ఉంది. ‘పారుతుంది’ అని ఊరికే చెప్పాలంటే లాటిన్‌లో ‘ఫ్లువిత్’ అంటారు. సీజర్ ఇక్కడ ‘ఫ్లువత్’ అన్నాడు. ప్రశ్న మరో వాక్యం కడుపులో ఒదిగినప్పుడు లాటిన్ క్రియ తన అచ్చు మార్చుకుంటుంది. దీన్ని బోధించడానికి నేను చదివిన పుస్తకం పది పేజీలు తీసుకుంది. తెలుగులో ‘పారుతోంది’ చివర ఒక్క ఓకారం చేరి ‘పారుతోందో’ అయిందంటే సరిపోతుంది; ప్రశ్నా, సందేహమూ, ఒదగడమూ అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఆ పది పేజీలు చదువుతున్నప్పుడు నాకు ఇది తట్టలేదు. నాన్న ‘ఎటు పారుతోందో’ అన్నాక తట్టింది.

ఇల్లు కారుతుంది, ప్రవహించదు

ప్రవహించు మీద నా ఫిర్యాదు అది సంస్కృతమని కాదు. అచ్చతెలుగు పట్టుదల నాకు లేదు. ఈ వ్యాసంలోనే ఎన్ని సంస్కృత పదాలున్నాయో చూస్తున్నారు. ఆ మాటలో ఉన్న బొమ్మ వేరు, అదీ ఇబ్బంది. ‘వహ్’ అంటే మోయడం. ప్రవహించే నది ఏదో మోసుకుంటూ ముందుకు వెళ్తుంది. దానికి లాటిన్‌లో చుట్టం కావాలంటే ‘వెహో’ ఉంది, బండి మోసేది. ఫ్లువోలో మోత లేదు. అందులో ఉన్నది, నాకు అర్థమైనంతలో, పట్టు లేకపోవడం. తనను తాను నిలబెట్టుకోలేనిదేదో అది ఫ్లువిత్.

ఇది మొదట అనుమానంగానే తట్టింది. ఆ తరువాత రోమన్ కవి ఒవిడ్ రాసిన రూపాంతరాల కావ్యంలో తొమ్మిదో సర్గ చదువుతుంటే ఒక పంక్తి ఎదురైంది. అకెలోవుస్ అనే నదీదేవుడు హెర్క్యులిస్‌తో తాను పట్టిన కుస్తీని చెప్పుకుంటున్నాడు. తన చేతులు ఎలా ఉన్నాయంటే ‘సూదోరె ఫ్లువెంతియ ముల్తో’, చెమటతో కారిపోతున్నాయి. నదికే చెమట పట్టడం ఒవిడ్ కొంటెతనం, దాన్ని అలా ఉంచుదాం. ఇక్కడ ఫ్లువోకు కర్త చెమట కాదు, చేతులు. అంటే లాటిన్‌లో నీళ్ళూ ఫ్లువోకు కర్త అవుతాయి, నీళ్ళు పట్టి ఉంచలేని వస్తువూ అవుతుంది.

తెలుగులో ఇలా రెండు వైపులా నడిచే క్రియ ‘కారు’. నీళ్ళు కారుతున్నాయి అంటాం, కుండ కారుతోంది అని కూడా అంటాం. వానాకాలం వస్తే ఇల్లు కారుతుంది. ‘ఇల్లు ప్రవహిస్తోంది’ అన్నవాణ్ణి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రవహించుకు కర్తగా ద్రవమే ఉండాలి, లేదా ద్రవంలాంటిది ఏదైనా ఉండాలి, పాత్ర ఉండకూడదు. ఈ ఒక్క పరీక్షలోనే నా నోటుపుస్తకంలోని అర్థం సగం పోయింది.

మిగతా సగాన్ని రోమన్ నాటకకర్త టెరెన్స్ తీసుకుపోయాడు. క్రీ.పూ. 161లో ఆడిన ఆయన ప్రహసనంలో పార్మెనో అనే బానిస ఉంటాడు. నిజమైతే కడుపులో దాచుకుంటానని, అబద్ధమైతే మాత్రం వెంటనే బయటపెట్టేస్తానని చెబుతూ, “ఒళ్ళంతా బీటలే, ఇటూ అటూ కారిపోతాను” అంటాడు. అక్కడి క్రియ ‘పెర్‌ఫ్లువో’, మన ఫ్లువోకే ముందు ఒక ఉపసర్గ. మనిషి తానే చిల్లికుండ. మన వాళ్ళు ఇదే మనిషిని నోట్లో నువ్వుగింజ నానదని అంటారు. బొమ్మ వేరైనా ఎత్తిపొడుపు ఒకటే.

ఆశలు ఏమయ్యాయి

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం రోమన్ కవి వర్జిల్. ఆయన కావ్యం ఇనియడ్ రెండో సర్గలో సినోన్ అనే గ్రీకు గూఢచారి ట్రాయ్ వాళ్ళకు కట్టుకథ చెబుతాడు. గ్రీకులు మినర్వా దేవత విగ్రహాన్ని ఎత్తుకెళ్ళి అపచారం చేశారు, అప్పటి నుంచి వాళ్ళ ఆశలు ‘ఫ్లువెరె’ అంటాడు. నా అర్థం ప్రకారం గ్రీకుల ఆశలు అప్పటి నుంచి ప్రవహించడం మొదలుపెట్టాయి. తెలుగులో ఆశలు ప్రవహిస్తే అవి పెరిగాయని అనిపిస్తుంది. వర్జిల్ చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అదే పంక్తిలో ఆశలు వెనక్కి జారిపోయాయని కూడా అంటాడు. ఒక పూటంతా ఆ పంక్తి దగ్గర కూర్చున్నాను. క్షీణించాయి, సన్నగిల్లాయి, అడుగంటాయి అని రాసి కొట్టేశాను. ఒక్కదానిలోనూ నీళ్ళు లేవు. అడుగంటడంలో నీళ్ళున్నా అది బావి, ఏరు కాదు.

ఆ సాయంత్రం పేపరులో, పంట బీమా గురించిన ఒక వార్తకు శీర్షిక కనిపించింది: రైతుల ఆశలు నీరుగారాయి.

నీరుగారడం. నీరై కారిపోవడం. నేను వెతుకుతున్న మాట నా భాషలో రోజూ పేపరులో పడుతోంది, పడీ పడీ అరిగిపోయి ఉంది కాబట్టే నాకు కనిపించలేదు. (విదేశంలో పెరిగిన మా అక్క కొడుకు ఒకసారి ఇలాంటి శీర్షికే చదివి, ఈ నీరు గారు ఎవరని అడిగాడు. నవ్వాం గానీ, వాడు ఆ మాటను మాకన్నా శ్రద్ధగా చదివాడు.) వర్జిల్ పంక్తి ఒక్కసారిగా తెలుగైంది: అప్పటి నుంచి గ్రీకుల ఆశలు నీరుగారి వెనక్కి జారాయి.

ఈ తాళంచెవి దొరికాక తెరుచుకున్న తలుపులు చాలా ఉన్నాయి. రోమన్ చరిత్రకారుడు లివీ ఏడో పుస్తకంలో కాంపానియా ప్రజలను ‘ఫ్లువెంతేస్ లూక్సూ’ అంటాడు. భోగాలతో ప్రవహిస్తున్నవాళ్ళని కాదు దాని అర్థం, భోగాలు మరిగి నీరుగారినవాళ్ళని. యుద్ధంలో ఆరితేరిన శత్రువు ముందు నిలవలేక ఓడిపోయారని చెప్పే వాక్యం అది. రోమన్ వక్త సిసిరో ఒక ప్రసంగంలో, చేతుల్లోంచి ఆయుధాలు ‘ఫ్లువెంత్’ అంటాడు; జారిపోతాయని. మరోచోట ఒక వికారమైన ముఖాన్ని వర్ణిస్తూ బుగ్గలకు ఇదే మాట వాడతాడు; వేలాడిపోయిన బుగ్గలు. మరో చరిత్రకారుడు సల్లస్ట్, కాటిలీన్ అనే కుట్రదారు మీద రాసిన తన చరిత్రను మొదలుపెడుతూనే సంపద వల్లా అందం వల్లా వచ్చే కీర్తి ‘ఫ్లూక్స’, పెళుసు అంటాడు. ఇదే క్రియ నుంచి వచ్చిన విశేషణం అది. నిలకడ లేనిదని అర్థం. ప్రవహించే కీర్తి అని రాస్తే, అది నలుదిక్కులా వ్యాపించిందనుకుని తెలుగు పాఠకుడు చప్పట్లు కొడతాడు.

తత్త్వవేత్తల మాటకు వస్తే ఇంకా ఇబ్బంది. ఒవిడ్ తన కావ్యం చివరి సర్గలో పైథాగరస్ చేత ‘కుంక్త ఫ్లువుంత్’ అనిపిస్తాడు. ‘అన్నీ ప్రవహిస్తున్నాయి’ అని తెలుగులో అంటే ఎంత అందంగా ఉంటుందో! గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. కానీ ఒవిడ్ దానికి సరిగ్గా ముందు రాసిన పంక్తిలో, ఈ మొత్తం లోకంలో నిలబడి ఉండేది ఏదీ లేదు అన్నాడు. నిలబడటానికి ఎదురుగా పెట్టిన మాట అది. అక్కడ ఉన్నది ప్రయాణపు ఉల్లాసం కాదు, ఏదీ నిలవదన్న ఎరుక.

నాకే వచ్చిన సందేహాలు

ఇంతదాకా చదివినవారు, లాటిన్ కాస్త తెలిసినవారైతే, నా మీద వేయదగిన ప్రశ్నలు నాలుగైనా ఉన్నాయి. అవి నాకూ తోచాయి, కొన్నిటికి జవాబు లేదు.

మొదటిది తేలిక. సీజరే అదే పుస్తకం ఆరో అధ్యాయంలో, హెల్వెటీల ఎల్లకూ అల్లోబ్రోజెస్ అనే మరో తెగ ఎల్లకూ నడుమ రోన్ నది ‘ఫ్లువిత్’ అంటాడు. అందులో నీరుగారడమూ లేదు, పట్టు తప్పడమూ లేదు. పటం చూపించి, ఇక్కడ ఒక నది ఉంది అంటున్నాడు, అంతే. నిజానికి ఆ క్రియ ఎక్కువసార్లు కనిపించేది ఇలాంటి వాక్యాల్లోనే. బళ్ళో భూగోళం పుస్తకంలో గోదావరి ప్రవహిస్తుంది కాబట్టి రోన్ కూడా అక్కడ ప్రవహించవచ్చు, అడ్డు చెప్పను.

రెండోది నన్ను ఎక్కువ కాలం వేధించింది. నాన్న ఇచ్చిన ‘పారు’ ఫ్లువోకు సరైన మాటేనా? పారు అంటే అసలు పరుగెత్తడం. బండి ఱతో ‘పాఱు’ అని రాసిన రోజుల నుంచీ అందులో పరుగు ఉంది. ఇప్పటికీ దొంగ పారిపోతాడు. పరుగెత్తడానికి లాటిన్‌లో వేరే క్రియ ఉంది, ‘కుర్రో’. వర్జిలే మొదటి సర్గలో, నదులు సముద్రాల్లోకి పరుగెత్తినంత కాలం నీ కీర్తి ఉంటుందని కథానాయకుడు ఇనియస్ చేత రాణి డిడోతో చెప్పిస్తూ ‘కుర్రెంత్’ అని వాడాడు, ఫ్లువో వాడలేదు. అక్కడ పారు అచ్చంగా అతుకుతుంది. మరి ఫ్లువోకు కూడా పారు అంటే, కవి ఏరి పెట్టుకున్న తేడాను నేను చెరిపేస్తున్నట్టే కదా? అవును, చెరిపేస్తున్నాను. దానికి నేను చెప్పుకోగల సమర్థన ఒకటే. పారులోని పరుగు, నీళ్ళ విషయంలో, ఎవరికీ వినిపించనంతగా తగ్గిపోయింది. ‘కాలవ నెమ్మదిగా పారుతోంది’ అంటే, నెమ్మదిగా పరుగెత్తడం ఏమిటని ఎవరూ నవ్వరు. పైగా సిసిరో క్రీ.పూ. 44లో కొడుకు కోసం కర్తవ్యాల మీద రాసిన గ్రంథంలో, అన్నీ మన ఇష్టప్రకారం ‘ఫ్లువో’ అవుతున్నప్పుడు గర్వానికి దూరంగా ఉండమని చెబుతాడు. మనకు పాచిక పారుతుంది. తలచినట్టు సాగడానికి రెండు భాషలూ నీటి క్రియనే వాడటం కాకతాళీయం కావచ్చు. పాచిక విషయంలో అది నీటి కన్నా పరుగే అయి ఉండవచ్చు. అయినా అక్కడ ‘పాచిక ప్రవహించింది’ అనలేమన్నది మాత్రం గట్టి మాట.

మూడోది, ఈ క్రియను రోమనులు మెచ్చుకోలుగా కూడా వాడారు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ శైలి ఎత్తుపల్లాలు లేకుండా ప్రశాంతమైన ఏరులా సాగుతుందని సిసిరో అంటాడు, క్రియ ఇదే. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడేవాణ్ణి వర్ణించే ‘ఫ్లూయెంట్’ కూడా దీని సంతానమే. పట్టు లేకపోవడమే అసలు అర్థమైతే పొగడ్త ఎలా అయింది? దీనికి మన ‘అనర్గళం’ కొంత సాయపడుతుంది. అర్గళం అంటే తలుపు గడియ. అనర్గళంగా మాట్లాడటమంటే గడియ లేకుండా మాట్లాడటం. పట్టి ఆపేది లేకపోవడం ఒకచోట వరం, మరోచోట శాపం. రోమన్ కవి హొరేస్‌కు ఈ రెండూ తెలుసు. పాత కవి లూసీలియుస్ గురించి ఆయన, బురదగా పారేవాడు, తీసేయాలనిపించేవి ఉండేవి, అంటాడు. ధార ఉంది, తేటదనం లేదు. గంటకు రెండు వందల పంక్తులు చెప్పేవాడని వెక్కిరిస్తాడు కూడా. మన అవధాన సభల్లో ధారను మెచ్చుకుంటూనే, ఏరి చూడవలసింది ఇంకా ఉందని గొణుక్కునే పెద్దలు ఆ పంక్తిని వింటే తల ఊపుతారు.

నాలుగోది వ్యుత్పత్తి. భాషాశాస్త్రజ్ఞులు ఫ్లువో మూలానికి చెప్పే అర్థం ఉబ్బడం, పొంగి పొర్లడం. అంటే మొదట్లో అది ఖాళీ కావడానికి కాదు, నిండిపోవడానికి సంబంధించిన మాట. ఇది నా వాదానికి అడ్డమా? కుండ నిండి పొర్లినా, కుండ బీటలిచ్చి కారినా, నీళ్ళు కుండ మాట వినడం లేదు. అలా సర్దుకున్నాను. సర్దుకోవడమేనని నాకు తెలుసు.

ఇంగ్లీషు ‘ఫ్లో’ మోసం

ఇక్కడ ఒక పక్కదారి. ఫ్లువో అంటే ఇంగ్లీషులో ఫ్లో అని రాసుకుని, రెండూ ఒకటే మాటని అనుకోనివాళ్ళు నాకు తారసపడలేదు; నేనూ అలాగే అనుకున్నాను. రెండిటికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషు ఫ్లో వేరే మూలం నుంచి వచ్చింది. వాన పడుతోందనడానికి లాటిన్‌లో వాడే ‘ప్లువిత్’, సంస్కృతంలో తేలడానికీ ఈదడానికీ వాడే ‘ప్లు’ ధాతువు దాని చుట్టాలు. 2021 ఉగాదికి మనం స్వాగతం చెప్పిన ప్లవ నామ సంవత్సరం, గోడల మీద ఎర్రగా రాసిన విప్లవం, రెండూ ఇంగ్లీషు ఫ్లోకు దూరపు బంధువులే గానీ లాటిన్ ఫ్లువోకు ఏమీ కావు. ఇక ‘స్రవంతి’ ఉంది. అది గ్రీకుల ‘రెయో’తోనూ ఇంగ్లీషు స్ట్రీమ్‌తోనూ చేరుతుంది. నీళ్ళు కదలడానికి ఒకే పెద్ద కుటుంబంలో ఇన్ని వేర్వేరు ధాతువులుంటే, అన్నిటికీ ప్రవహించు అని ఒకే ముద్ర గుద్దడం ఎంత బద్ధకమో అప్పుడు అర్థమైంది.

ఫ్లువోకు నిజమైన వారసులు మన ఇళ్ళలో వేరే ఉన్నారు. ఫ్లూ జ్వరం వస్తే ముక్కు కారుతుంది కాబట్టి పేరు అందుకే వచ్చిందనుకోవడం సహజం, కాదు. నక్షత్రాల నుంచి మనుషుల్లోకి ఏదో దిగి పారుతుందన్న పాత నమ్మకం నుంచి మధ్యయుగపు లాటిన్‌లో ‘ఇన్‌ఫ్లువెంతియ’ పుట్టింది, అది ఇటలీలో రోగం పేరైంది, 18వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది, తల తోకా తెగి మన దగ్గర ఫ్లూగా మిగిలింది.

మరో వారసుణ్ణి తలచుకుంటే మాత్రం నవ్వు రాదు. 16వ శతాబ్దపు జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు అగ్రికోలా, ముడిలోహంతో కలిపితే దాన్ని తేలికగా కరిగి పారేట్టు చేసే కొన్ని రాళ్ళను లాటిన్‌లో ‘ఫ్లువోరేస్’ అన్నాడు. మన కంసాలి బంగారం అతికేటప్పుడు వెలిగారం వేసినట్టే అనుకోండి. ఆ రాళ్ళలో ఒకదాని నుంచి, 1812లో ఆంపియర్ అనే శాస్త్రజ్ఞుడు డేవీ అనే మరో శాస్త్రజ్ఞుడికి చేసిన సూచన ప్రకారం, ఒక మూలకానికి పేరు కుదిరింది: ఫ్లోరిన్. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ తరువాత ఆ మాట వింటే నల్లగొండ గుర్తొచ్చే రోజులు వచ్చాయి. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించకూడని ఫ్లోరైడు మించిపోయి, ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఎముకలు వంకరపోయాయి. పటికా సున్నమూ కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు.

ఆ నీళ్ళు పారే నీళ్ళు కావు. రాతి పొరల్లో ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, ఆ రాయిలోని ఫ్లోరైడును కరిగించుకున్న బోరు నీళ్ళు. రాతితో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ విషం. పారడం అనే క్రియకు పుట్టిన పేరు, పారని నీటిలో రోగమై కూర్చుంది. నా నోటుపుస్తకంలో ఆ పేజీ అడుగున ‘నల్లగొండ’ అని ఒక్క మాట రాసి ఉంచాను. లాటిన్ పుస్తకంలో అదెందుకని చూసినవాళ్ళు అడుగుతారు.

ఏరు తీసేదాకా

చివరికి ఆ పేజీలో ఇప్పుడున్న అర్థం ఇది: పారు, కారు, జారు, చూ. నీరుగారు. ఒక మాటకు ఒక అర్థం అన్న నియమం పోయింది. మూడింటికీ చివర్లో వినిపించే ప్రాస చూసి మురిసిపోయాను గానీ, జారు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది, హొరేస్ వల్లనే.

‘తెలుసుకోవడానికి తెగించు’ అన్న ఆయన మాటను చాలామంది ఎరుగుదురు. దాని వెనకనే ఒక చిన్న బొమ్మ ఉంది. మంచిగా బతకడాన్ని వాయిదా వేసేవాడు ఒక పల్లెటూరివాడి లాంటివాడు. ఏటి ఒడ్డున కూర్చుని, ఏరు ‘దేఫ్లువత్’ అయ్యేదాకా ఎదురుచూస్తాడు. ఏరేమో ‘లాబితుర్ ఎత్ లాబేతుర్’, యుగాల తరబడి. ఇందులో మొదటి క్రియ మన ఫ్లువోయే, కిందికి అనే ఉపసర్గతో. రెండోది ‘లాబోర్’, అసలు జారడానికి లాటిన్‌లో ఉన్న క్రియ. రెండూ ఒకే ఏటికి, పక్కపక్కన. జారును నేను ఫ్లువోకు ఇచ్చేస్తే లాబోర్‌కు ఏం మిగులుతుంది? చాలా రోజులు తిప్పలు పడి, ‘ఏరు తీసేదాకా కూర్చుంటాడు, అది జారుతూనే ఉంది, జారుతూనే ఉంటుంది’ అని రాశాను. తీయడం నాన్న దగ్గర విన్న మాట. వరద తీసింది, నీళ్ళు తీశాయి అంటారు. కిందికి పారి అయిపోవడానికి అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. దొరికిందని సంబరపడి నాన్నకు ఫోనులో చదివాను.

ఆయన ముఖం నాకు కనిపించలేదు గానీ, కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇందులో వాడి తప్పేముంది?” అన్నారు.

“ఏరు ఎప్పటికీ అయిపోదు కదా నాన్నా. అది తెలీని అమాయకుడని ఆయన ఎగతాళి.”

“ఎందుకు అయిపోదమ్మా? శ్రావణంలో ఏరొస్తే, బుద్ధున్నవాడు ఒడ్డునే కూర్చుంటాడు. మూడో నాటికి తీసేస్తది, దాటిపోతాడు. ఆగకుండా దిగినవాడే పోతాడు.”

ఆ దారిని నేను ఆలోచించనే లేదు. మన వాగులు వచ్చినప్పుడు వస్తాయి, తీసినప్పుడు తీస్తాయి, ఎండాకాలం ఇసుకే మిగులుతుంది. హొరేస్ మనసులో ఉన్న ఏరు అలాంటిది కాదు కాబట్టి ఆయనకు ఆ రైతు మూర్ఖుడయ్యాడు. క్రియను ఎంత సరిగ్గా తెనిగిస్తే ఎగతాళి అంతగా పోతోంది. ‘తీసేదాకా’ అని రాస్తే మా వైపు పాఠకుడికి ఆ రైతు తెలివైనవాడుగానే కనిపిస్తాడు. ‘ప్రవాహం సమాప్తమయ్యేదాకా’ అని రాస్తే ఎగతాళి నిలుస్తుంది, తెలుగు పోతుంది. ప్రస్తుతానికి ఆ పంక్తిని పెన్సిలుతో రాసి ఉంచాను.